పరుల గుడిలో మన మోకాళ్లు

విశ్వాసము లేనివాడు దేవుని యెదుట చూపిన మర్యాద మర్యాదయే యగునా, లేక వట్టి నటనయా? పూర్వము ఈ ప్రశ్న మతాంతరులతో వాదములు సలిపిన పండితులకు మాత్రమే ఎదురైయుండును. నేడు, గైడు చేతిలోని చిన్న జెండాను కనిపెట్టుకొని నాలుగైదు దినములలో ఒక దేశమును చుట్టివచ్చు సామాన్య గృహస్థునకు పూటకొకమారు ఎదురగుచున్నది. అతడు చెప్పులు విడువుమన్న చోట విడుచును, తల వంచుమన్న చోట వంచును, మరల బస్సెక్కి కునుకు తీయును. ఆ వంచిన తలకు విలువ యేమి?

మా మాధవరము యాత్రలకు అలవాటుపడిన ఊరు. 2018లో ఇక్కడ కొత్త బస్సుస్టాండు తెరచిన తరువాత, చెన్నపట్టణమునుండి నెల్లూరికి, కాళహస్తికి, తిరుపతికి పోవు తెలుగువారిలో పెక్కుమంది మా వీధుల మీదుగానే పోవుచున్నారు. 2023 నవంబరులో థాయి ప్రభుత్వము భారతీయులకు వీసా అక్కరలేదన్నది మొదలు, కాశికి పోదమా రామేశ్వరమునకు పోదమా యని తర్కించుకొను సంసారులు సైతము బాంకాకు మాట తలపెట్టుచున్నారు. మీనంబాకమున విమానమెక్కినచో నాలుగు గంటలు నిండకముందే అక్కడ దిగవచ్చును. అట్టి యొక బృందముతో నేనును పోయితిని. అందరును తెలుగువారే, ఆవకాయ, కందిపొడి లేనిదే గడప దాటనివారే.

ఇట్టి యాత్రల పేరెత్తగానే విద్వాంసులు పెదవి విరుతురు. పరుగుపరుగున చూచినది చూపా, ఫొటోల కొరకు పోయినది యాత్రయా అందురు. ఆ నింద నాకు సరియని తోచదు. తిరుమలలో మనము గంటల కొలది క్యూలో నిలిచి, తీరా స్వామి సన్నిధికి చేరిన పిదప "జరగండి, జరగండి" అను కేకల నడుమ క్షణకాలము కన్నులెత్తి చూడగలుగుచున్నాము; ఆ క్షణమునకై ఏడాది పొడవున మ్రొక్కుకొనువారు ఇంటింటను కలరు. గడియారమును బట్టి దర్శనమునకు విలువ కట్టుట మన సంప్రదాయము కాదు. టూరులో దోషమున్నచో అది వేగములో లేదు, వేరొక చోట నున్నది.

సువర్ణభూమి విమానాశ్రయమున నడచునప్పుడే అది బయటపడును. అక్కడ వాసుకిని త్రాడుగా పట్టి దేవాసురులు పాలకడలిని చిలుకుచున్న పెద్ద శిల్పమొకటి కలదు. దానిని చూడగానే మనవారి నోట వెలువడు మొదటి మాట "ఇది మనదే!" అని. అయుత్థయ పేరు వినగానే మన అయోధ్యయే. రాజులకు రామనామము గలదనగానే మన రాముడే. ప్రేమతో పుట్టిన మాటయే గాని, పదేపదే వినగా వినగా దానిలో యజమాని గొంతు వినబడసాగును. అత్తవారింట కాపురము కుదిరిన ఆడుబిడ్డను పుట్టింటివారు మాది యనుటలో తప్పులేదు. ఆ యింటి వంటగదిలో దూరి పెత్తనము చేయుట మాత్రము తగదు.

1782లో బాంకాకును రాజధానిగా చేసికొన్న మొదటి రామరాజు తన ఆస్థానమున రామకియన్ కావ్యమును కూర్పించెను. వాట్ ఫ్రా కేవ్ ఆలయమును చుట్టిన మంటపపు గోడలపై ఆ కథ 178 చిత్రములుగా నడచుచున్నది. అందు సీత దశకంఠునకు కన్నకూతురు. హనుమంతుడు బ్రహ్మచారి కాడు. సేతువును చెరపవచ్చిన సువర్ణమత్స్య యను జలకన్యను వలచి, మచ్ఛాను డను కుమారుని కనును. గైడు ఈ ఘట్టమును చెప్పుచుండగా మా బృందములోని యొక పెద్దావిడ, మంగళవారము ఆంజనేయునకు తమలపాకుల పూజ తప్పని ఇల్లాలు, "అయ్యో, స్వామికి ఇదేం అపచారం, నాయనా!" అని నా వైపు తిరిగెను. ఆమె బాధ నిజమైనది గనుక నాకు నవ్వు రాలేదు. మన మైరావణుని కథలోనే హనుమంతుని చెమటబొట్టును మ్రింగిన చేపకు మత్స్యవల్లభుడు పుట్టెనని చెప్పుకొనుచున్నాము గదా యని జ్ఞాపకము చేసితిని. ఆమె కొంతసేపు ఆలోచించి "చెమటబొట్టు వేరు, ఇది వేరు" అనెను. వాదమున ఆమెయే గెలిచెనని ఒప్పుకొనవలెను.

అయితే ఆ ఆలయములోనే ఆ పెద్దావిడ ప్రవర్తన నా కెంతో నేర్పినది. లోపలనున్న మరకత బుద్ధుడు నిజముగా మరకతము కాదు, ఆకుపచ్చని వేరొక రాయి. ఎత్తు 66 సెంటీమీటర్లు. వేసవికి, వానలకు, చలికి వేరువేరుగా మూడు పసిడి వస్త్రములు కలవు. ఋతువు మారినప్పుడు రాజే స్వయముగా వాటిని మార్చును. ఇంట బాలకృష్ణునకు దినదినము బట్టలు మార్చు ఆమెకు ఈ సంగతికి వ్యాఖ్యానము అక్కరలేకపోయెను. పాదములు విగ్రహము వైపు చాపరాదని చెప్పగానే, నొప్పులు గల మోకాళ్లను మడచి, కాళ్లు వెనుకకు పెట్టుకొని, చేతులు జోడించి కూర్చుండెను. ఆ గోడపైని హనుమంతుని ఆమె ఒప్పుకొనలేదు. ఆ గదిలోని బుద్ధుడు తనవాడని చెప్పుకొననులేదు. అయినను వారి యింటి కట్టడిని తన యొడలితో పాటించెను.

కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన శాసనములలో పండ్రెండవది ఈ విషయమునే చెప్పును: అన్ని మతములవారికిని మూలమైన గుణము నాలుకను అదుపున నుంచుకొనుట, తన మతమును మితిమీరి పొగడి పరమతమును తెగడువాడు తన మతమునకే హాని చేసికొనువాడు. ఆ శాసనమునకు నేను ఒక చిన్న అనుబంధము చేర్చ సాహసింతును. పరుల దేవుని మనవానిగా లెక్కగట్టి పొగడుటయు తెగడుటలో నొక తెరగే. అందులో ఆ దేవునికి గౌరవముండునేమో గాని, ఆయనను ఇన్ని తరములు కొలిచినవారికి ఉండదు.

అర్థము తెలియని ఆచారము నిష్ఫలమనువారు బాంకాకులోని దేవస్థానమును చూడవలెను. 1784లో కట్టిన ఆ బ్రాహ్మణాలయమెదుట ఎర్రని పెద్ద ఊయల స్తంభములు నేటికిని నిలిచియున్నవి; ఊగు వేడుక మాత్రము 1935లో ఆగిపోయెను. అక్కడి రాజపురోహితులు ఏటేట జరుపు త్రియంపవాయి ఉత్సవమున కొన్ని పద్యములు చదువుదురు. అవి మార్గళి మాసమున తెల్లవారుజామున మా మాధవరపు గుడులలోని మైకులు వినిపించు తిరువెంబావై పాటల యవశేషములని పండితులు గుర్తించిరి. చదువువారికి ఒక్క ముక్కయు అర్థము కాదు. అర్థము తెలిసిన మనము ఆ మైకు మోతకు విసుగుకొని దుప్పటి ముసుగు తన్నుదుము. ఈ యిద్దరిలో పాటను కాపాడినది ఎవరో నేను వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక అయుత్థయ. బాంకాకునకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, 1351లో వెలసి, నాలుగు శతాబ్దులు వైభవముగా బ్రతికి, 1767లో బర్మా సేనల చేత కాలిన నగరమది. ఇటుక గోపురములు కూలి, తలలు లేని బుద్ధులు వరుసలుగా కూర్చుండియుండ, వాట్ మహాథాట్ అను చోట ఒక రావిచెట్టు వేళ్లు రాతి బుద్ధుని శిరమొకదానిని అల్లుకొని నిలిపినవి. అది భూమికి కొంచెమే ఎత్తున నున్నది. ఫొటో తీయించుకొనువారి తల బుద్ధుని తలకంటె పైకి రాకూడదు గనుక, ఎంతవాడైనను కూలబడవలసినదే. మరచి నిలుచున్నవానిని కావలివాడు హెచ్చరించును. మాలో ఇంట దేవుని గదిలో సైతము అడుగుపెట్టని యువకులుండిరి, నాస్తికులమని చెప్పుకొను ఒకరిద్దరుండిరి. అందరును ఎండలో, ఆ మట్టిలో మోకాళ్లపై కూర్చుండిరి.

వేమన చదువుకొన్న జాతి మనది గనుక, మనసు లేని మ్రొక్కు దంభమని వెంటనే ఆక్షేపణ వచ్చును. ఆ యాక్షేపణను నేను తేలికగా త్రోసిపుచ్చను. అయితే వేమన కొరడా తగిలినది తన దేవుని పేర లోకమును మోసగించి గొప్ప సంపాదించుకొనువారికి. పరాయి దేశమున, తన్నెరుగనివారి నడుమ కూలబడినవానికి దానివలన గడియించు గొప్ప యేమి కలదు? వాడు నమ్మినట్లు నటించుట లేదు. ఇతరులు నమ్మినదానికి చోటిచ్చుచున్నాడు. భక్తి హృదయమునుండి శరీరమునకు దిగునని మనమందుము. గౌరవము మాత్రము తరచుగా శరీరమునుండి హృదయమునకు ఎక్కును, కొందరిలో ఎక్కకయు పోవును. ఎక్కకపోయినను ఎదుటివానికి చెందవలసినది చెందినట్లే. కావున అది నటన కాదు, మర్యాదయే యని నా నిశ్చయము.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము మన యింటనే యున్నది. బ్రహ్మదేవునికి గుడులు అరుదైన మన దేశమున, గుంటూరు సీమలోని చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మకు ఆలయము కట్టించినవాడు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు, దాత, శివభక్తుడు. ఆయన 18వ శతాబ్ది చివర చింతపల్లినుండి అమరావతికి రాజధాని మార్చినప్పుడు, దీపాలదిన్నె యను మట్టిదిబ్బను ఇటుకలకై, రాళ్లకై త్రవ్వించిరి. ఆ దిబ్బ మహాస్తూపము. శిల్పములు చెక్కిన పాలరాతిపలకలు కొన్ని కట్టడములలో కలిసినవి, కొన్ని సున్నమైనవి. కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూచి బొమ్మలు గీయించిన తరువాతనే లోకమునకు వాటి సంగతి తెలిసినది. ఇంచుమించు ఆ కాలముననే, బాంకాకు కోటగోడలకై అయుత్థయ శిథిలములనుండి పడవలలో ఇటుకలు తరలినవి. కాని అక్కడివారికి అవి కూలిన తమ నగరపు ఇటుకలు. మన నాయుడుగారి మనుష్యులకు ఆ దిబ్బ ఎవరిదియు కాదు. తన దేవునిపై ఎంత భక్తియున్నను, పరుల దేవుని యెదుట వంగుట అలవాటు లేని కన్నులకు స్తూపము గూడ ఇటుకలబట్టీగనే కనబడును.

మిగిలిన ఆ పలకలలో కొన్ని లండనులో, కొన్ని మన ఎగ్మూరు మ్యూజియములో ఉన్నవి. థాయి దేశపు ప్రాచీన బుద్ధ విగ్రహముల వస్త్రధారణలో అమరావతి శిల్పుల ఉలి జాడను పండితులు చూపుచున్నారు. సముద్రము దాటి బుద్ధుని తల యెదుట కూలబడిన మా బృందమువారిలో ఎగ్మూరు ముఖము చూచినవారు ఎందరో తిరుగు ప్రయాణమున విచారించితిని, ఒక్కరును లేరు. చెన్నపట్టణపు తెలుగు పాఠకులారా, థాయిలాండునకు టిక్కెట్లు కొనుటకు ముందో వెనుకనో ఒక పూట అక్కడికి పొండు; గైడుండడు, కావలివాడు కూలబడుమని చెప్పడు, ఆ రాళ్లను చూచి "మనదే" యని గర్వించుటకు ముందు వాటి నెవరు త్రవ్విరో తలచుకొనుడు. శుక్రవారము మ్యూజియమునకు సెలవు.