తోటివాని ఓటమి మన గెలుపగునా?

మనుష్యుడు చేసిన పనికి విలువ కట్టుట అవసరమే. కట్టనిచో శ్రమించినవానికిని శ్రమింపనివానికిని భేదముండదు. అదియు నొక అన్యాయమే. అయితే కొలత దేనితో? పనిని బట్టి మనిషిని కొలువవలెనా, పక్కవానిని బట్టి కొలువవలెనా? బెంగుళూరు, చెన్నై, పుణె నగరములలోని కంప్యూటరు కంపెనీలలో బిడ్డలు పనిచేయుచున్న ప్రతి ఇంటికిని ఈ ప్రశ్నతో సంబంధము గలదు.

అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి 1981 నుండి 2001 వరకు అధిపతిగా నుండిన జాక్ వెల్చ్ ఒక పద్ధతిని ప్రసిద్ధికి తెచ్చెను. ఉద్యోగులలో నూటికి 20 మంది ఉత్తములు, 70 మంది మధ్యములు, 10 మంది అధములు. ఆ పదిమందిని సాగనంపవలెనని ఆయన మతము. మైక్రోసాఫ్ట్ కంపెనీలోను స్టాక్ ర్యాంకింగ్ అను పేర ఇట్టి పద్ధతియే నడిచినది. 2012లో కర్ట్ ఐకెన్‌వాల్డ్ అను రచయిత దీనిని 'వ్యానిటీ ఫేర్' పత్రికలో వివరించెను. పదిమంది గల జట్టులో అందరును చక్కగా పనిచేసినను ఒకనికి హీనమైన మార్కు తప్పదని మొదటి దినముననే అందరికిని తెలియును. తాను కలిసి మాట్లాడిన ఉద్యోగులందరును కంపెనీని మిక్కిలి చెరచినది ఈ పద్ధతియేనని చెప్పినట్లు ఆయన వ్రాసెను. సమర్థులు సమర్థులతో ఒకే జట్టులో చేరుటకు వెనుదీసిరి. తమకు తెలిసినది తోటివారికి పూర్తిగా చెప్పక కొంత దాచుకొనిరి. వారు స్వభావముచేత దుర్మార్గులు కారు. తోటివాని ఓటమిలో తమ జీతమున్నపుడు, మంచివారికి సైతము మంచితనము నష్టదాయకమైనది.

పోటీ లేనిదే ప్రతిభ ప్రకాశింపదని కొందరందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. పది ఉద్యోగములకు నూరుగురు వచ్చినపుడు వరుస నిర్ణయింపక తప్పదు. అందు అసత్యము లేదు. చోటు చాలలేదని మాత్రమే దాని అర్థము. కాని బాగుగా పనిచేసిన పదిమందిలో ఒకనిని చూపి, వీడు అసమర్థుడని కాగితముపై వ్రాయుట వేరు. అది కొలత కాదు, అబద్ధము. పరీక్ష జరుగకముందే ఇద్దరు తప్పవలెనని నిశ్చయించుకొన్న ఉపాధ్యాయుని మనము న్యాయమూర్తి యందుమా?

హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి యయ్యెను. అంతకు ముందే, 2013 నవంబరులో, ఆ కంపెనీ ఈ పద్ధతిని రద్దు చేసినది. ఇతరుల విజయమునకు నీవేమి తోడ్పడితివి, ఇతరుల కృషిని నీవెట్లు వినియోగించుకొంటివి అను విషయములను అప్పటినుండి విచారింపసాగిరి.

అంతటితో ఉద్యోగుల కష్టములు తీరలేదు. 2014 జూలైలో 18,000 వరకు, 2023 జనవరిలో 10,000 ఉద్యోగములు తీసివేయుదుమని అదే కంపెనీ ప్రకటించినది. ఉద్యోగము పోయిన ఇంటిలో దుఃఖము ఏ పద్ధతిలోనైనను ఒకటే. అయినను, “నీకిచ్చుటకు మావద్ద పని లేదు” అనుటకును, “నీవే పనికిరావు” అనుటకును భేదము గలదు. మొదటిది జీతమును మాత్రమే తీసికొనును. రెండవది, అసత్యమైనచో, మనిషి తనపై తనకున్న నమ్మకమును కూడ తీసికొనిపోవును.

కావున తక్కువ మార్కు వచ్చినదని బిడ్డ చెప్పినపుడు తల్లిదండ్రులు వెంటనే నిందింపరాదు. ఏ పనిలో లోపము చూపిరని అడుగవలెను. చూపియుండినచో దిద్దుకొనవలెను. చూపలేకపోయినచో అది లెక్క సరిపెట్టుటకు వేసిన మార్కని గ్రహించి, కుంగిపోకుండ ధైర్యము చెప్పవలెను. ఇక మేనేజర్ల స్థానములో నున్న మనవారు సంతకము చేయుటకు ముందు అదే ప్రశ్నను తమకు తాము వేసికొందురు గాక. లోపమును పేరుపెట్టి చూపలేనివానికి, మనిషిని లోపముగలవాడనుటకు అధికారము లేదు.