జట్టు విజయము – వ్యక్తి బహుమానము

పదునొకండుగురు కలిసి సాధించిన విజయమునకు ఒక్కని సత్కరించుట న్యాయమా? 2018లో న్యూజీలాండులో మన పందొమ్మిదేండ్లలోపు యువకుల జట్టు ప్రపంచకప్పు గెలిచినది. క్రికెట్ నియంత్రణ మండలి శిక్షకుడు రాహుల్ ద్రావిడ్‌కు 50 లక్షలు, సహాయక సిబ్బందికి తలా 20 లక్షలు ప్రకటించినది. ఈ తారతమ్యమునకు ద్రావిడ్ సమ్మతింపలేదు. తుదకు అందరికీ సమముగా 25 లక్షల చొప్పున నిర్ణయమైనది. అనగా తన భాగములో సగము ఆయనయే వదలుకొన్నాడు.

ఇట్లయిన ప్రతిభకు గుర్తింపెక్కడ అని కొందరందురు. ఆ పోటీలలో ఉత్తమ క్రీడాకారుడుగా శుభ్‌మన్ గిల్ ఎన్నికైనాడు గదా! అందులకు ఆక్షేపణ యేమియు లేదు. కొట్టిన పరుగులు లెక్కకు వచ్చును. బంతులు విసరి సాధన చేయించినవాని శ్రమ, పట్టిన కండరములు సవరించినవాని శ్రమ ఏ పట్టికలో వ్రాయబడును? ద్రావిడ్ అడిగినది వారి కొరకే.