తిరిగి ఎలా వస్తారు?

మా ఇంజినీరింగ్ కాలేజీలో రోడ్డు భద్రత కార్యక్రమాల బాధ్యత కొన్నేళ్లుగా నాది. ఎన్ఎస్ఎస్ చూసేది నేనే కాబట్టి ఇదీ నాకే అప్పగించారు. జనవరిలో రోడ్డు భద్రత మాసం రాగానే ఒక ట్రాఫిక్ పోలీసు అధికారిని పిలుస్తాం. ఆయన ప్రమాదాల వీడియోలు చూపిస్తారు. పిల్లలు లేచి నిలబడి, చెయ్యి ముందుకు చాచి ప్రతిజ్ఞ చేస్తారు. తాగి బండి నడపబోమని ఫ్లెక్సీ మీద సంతకాలు పెడతారు. జియోట్యాగ్ ఫొటోలు, హాజరు పట్టిక, ఒక పేజీ నివేదిక కాలేజీ గుర్తింపు కోసం పెట్టే నాక్ ఫైలులో చేరతాయి. పని పూర్తయిందన్న తృప్తి నాకు నిజంగానే కలుగుతుంది. ఆ తృప్తి ఎక్కడినుంచి వస్తోందని ఈ మధ్య నన్ను నేను నిలదీసుకుంటున్నాను. మందు తాగి బండెక్కే పిల్లవాడు ఒక్కడైనా మానుకున్నాడా? మానుకున్నాడని నేను దేన్ని చూసి నమ్ముతున్నాను?

ఎంతమంది వచ్చారో, ఎంతమంది సంతకం పెట్టారో నాకు తెలుసు. శనివారం రాత్రి ఎవరు ఎవరి బండి వెనక కూర్చున్నారో తెలియదు.

ప్రభుత్వ లెక్కల్లో వెతికితే జవాబు దొరుకుతుందా అంటే, అదీ కష్టమే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. కారణాల పట్టికలో మాత్రం మద్యం వాటా మూడు శాతం లోపే ఉంటుంది. అతివేగం వాటా డెబ్భై శాతం దాటుతుంది. తాగినవాడు వేగంగా పోయి గుద్దితే ఎఫ్ఐఆర్‌లోకి ముందు ఎక్కేది వేగమే. ఆ చిన్న అంకె చూసి ధైర్యం తెచ్చుకోవడం నాకు సరిగా అనిపించదు. ఇక ఒక్క కాలేజీలో ఏడాదికి ఎంతమంది పోయారని చూసి కార్యక్రమం ఫలించిందని చెప్పబోతే, ఒక ఏడాది ఎవరూ పోకపోవడం మన ఘనతా, అదృష్టమా తేల్చలేం. పిల్లల్నే అడగాలి. ముందొకసారి, తర్వాత ఒకసారి, పేరు రాయించుకోకుండా.

అలా అడిగి తేల్చిన పని ఒకటుంది. జాన్ క్లాప్ బృందం రాసిన వ్యాసం 2005లో ‘అడిక్షన్’ పత్రికలో వచ్చింది. అమెరికా నైరుతి ప్రాంతంలో రెండు పెద్ద విశ్వవిద్యాలయాలను తీసుకున్నారు. ఒకదాని చుట్టూ రోడ్ల మీద తనిఖీలు పెట్టించి, ఆ తనిఖీల గురించి విద్యార్థులందరికీ తెలిసేలా ప్రచారం చేశారు. రెండోదాన్ని ఉన్నదున్నట్టు వదిలేశారు. తాగి నడిపామని చెప్పుకున్న విద్యార్థుల శాతం మొదటిచోట తగ్గింది, రెండోచోట తగ్గలేదు. పోల్చడానికి ఆ రెండోది లేకపోతే మొదటిచోట కనిపించిన తగ్గుదలకు అర్థమే ఉండేది కాదు. నా నివేదికల్లో అలాంటి రెండో కాలేజీ ఎప్పుడూ లేదు.

అదే ఏడాది వచ్చిన మరో సమీక్ష నన్ను ఇంకా ఎక్కువ ఆలోచనలో పడేసింది. విద్యాసంస్థల్లో చెప్పే పాఠాల మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ ర్యాండీ ఎల్డర్, ఆయన సహచరులు కలిపి చూశారు. పాఠాల వల్ల తాగి నడపడం తగ్గుతుందనడానికి చాలినంత ఆధారం దొరకలేదు. తాగినవాడి బండి ఎక్కడం మాత్రం తగ్గుతుందని తేలింది. అంటే మన మాట చెవికెక్కేది హ్యాండిల్ పట్టుకున్నవాడికి కాదు, వెనక కూర్చోబోయేవాడికి. మేం చూపించే వీడియోల్లో, చేయించే ప్రతిజ్ఞలో ఆ వెనకవాడి ఊసే ఉండదు. చట్టం అతన్ని మరిచిపోలేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ నడిపినవాడికైతే, 188వ సెక్షన్ అందుకు ప్రోత్సహించినవాడికి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో తాగి బైకు నడుపుతున్న యువకుడు అదుపు తప్పి పడిపోయాడు. రోడ్డు మీద పడివున్న ఆ బైకును వెనకొచ్చిన బస్సు ఈడ్చుకుపోయింది, మంటలు రేగి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ బైకు మీద వెనక ఇంకొకడు ఉన్నాడు. బతికాడు. బండి కదలకముందు అతను ఒక్క మాట అని ఉంటే అన్న ఆలోచన నన్ను వదలడం లేదు. ఆ మాట ఎలా అనాలో అతనికి ఎవరైనా నేర్పారా?

గత సెమిస్టర్‌లో నా క్లాసులో చీటీలు పంచాను. పేరు వద్దు, రోల్ నంబరు వద్దు. ‘తాగినవాడి బండి వెనక ఎప్పుడైనా కూర్చున్నావా, కూర్చుంటే ఎందుకు?’ అని అడిగాను. పిల్లలు నేననుకున్నదానికంటే నిజాయితీగా రాశారు. హాస్టల్ గేటు పదింటికి మూసేస్తారు, ఆలోపు రావాలి. బండి వైన్స్ దగ్గర వదిలేస్తే తెల్లారి నాన్నకి ఏం చెప్పాలి. మా కాలేజీ దాకా రాత్రిపూట క్యాబ్ రాదు, వచ్చినా అంత డబ్బుండదు. వాడు నాకంటే తక్కువే తాగాడు. వద్దంటే వాడు ఫీలవుతాడు.

ఒక చీటీలో నాకే ప్రశ్న వేశారు. ‘అప్పుడు మీకు ఫోన్ చేస్తే మీరేం చేసేవారు సార్?’

దీనికి జవాబు నా దగ్గర సిద్ధంగా లేదు. వెళ్లేవాణ్ణే, అందులో సందేహం లేదు. వాణ్ణి ఎక్కించుకుని హాస్టల్లో దింపేవాణ్ణి. మర్నాడు? క్రమశిక్షణ కమిటీలో నేనూ సభ్యుణ్ణి. తాగి వచ్చినవాడికి సస్పెన్షన్ అని నియమం. నేను నోరు మూసుకుంటే కమిటీకి అన్యాయం, నోరు విప్పితే ఇంకెవ్వడూ నాకు ఫోన్ చేయడు. ఇంకా లోపలికి తరచి చూసుకుంటే ఇంకో భయం కనిపించింది. ‘ఫోన్ చెయ్యండి, నేనొస్తాను’ అని అన్న రోజు నుంచి నన్ను మంచి మాస్టారు అనేవాళ్లు తగ్గిపోతారేమోనన్న భయం. పిల్లవాడి ప్రాణానికి, నా పేరుకు మధ్య నేను ఏ వైపు నిలబడ్డానో చూసుకోవాల్సి వచ్చింది. నిలబడాల్సిన వైపు ఏదో నాకు తెలుసు. అక్కడ నిలబడాలంటే భయమేస్తోంది.

ఇన్నాళ్లూ ఆ కార్యక్రమాల్లో నేను చెప్పిన మాటలన్నీ అసలు తాగని విద్యార్థిని ఉద్దేశించినవే. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. సెకండియర్ పిల్లవాడికి 19 ఉంటాయి. కాబట్టి కార్యక్రమం జరిగే హాల్లో తాగేవాళ్లు లేరన్నట్టే మాట్లాడాలి. తాగకండి అన్నాక ‘ఒకవేళ తాగితే’ అనే మాటకు చోటుండదు. కానీ వైన్స్‌లో వయసు అడిగేదెవరు? 2016 జూలై 1న పంజాగుట్టలో పట్టపగలు ఇంజినీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎదురుగా వస్తున్న కారు మీద పడింది. ఒకే కుటుంబంలో ముగ్గురు పోయారు, వాళ్లలో ఒకరు బడికెళ్లే పాప. ఆ విద్యార్థులు బార్‌లో తాగి వస్తున్నారు. ఆ బార్‌లో గ్లాసు పెట్టే ముందు వయసు అడిగి ఉంటే, లేదా ఆ కారులోవాళ్లలో ఒక్కడు తాళంచెవి లాక్కుని ఉంటే! పదేళ్లవుతున్నా ఆ రోడ్డు మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

తనిఖీలు పనిచేయవని నేననను. హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్ అంటే పిల్లలకు భయం ఉంది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు అని, 2019 సవరణ తర్వాత మొదటిసారికే పదివేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉంటాయని వాళ్లకు కంఠతా వచ్చు. కుటుంబసభ్యులను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళ్లడమంటే జరిమానా కంటే ఎక్కువ భయం. ఐతే చెక్ ఏ పాయింట్లో ఉందో క్షణాల్లో వాట్సాప్‌లో తిరుగుతుంది, బండి గల్లీల్లోకి మళ్లుతుంది. బ్రిటన్‌లో 1967లో బ్రీత్ టెస్ట్ చట్టం వచ్చిన కొత్తలో చావులు బాగా తగ్గాయి; పట్టుబడే అవకాశం తక్కువేనని జనానికి అర్థమయ్యాక ఆ ఫలితం పల్చబడింది. భయం నిలవాలంటే తనిఖీ ఎప్పుడు ఎక్కడుంటుందో తెలియకూడదు, తరచుగా ఉండాలి. అది పోలీసుల పని, నా చేతిలోది కాదు.

నా చేతిలో ఉన్నది పిల్లలకు లెక్క చెప్పడం. నూరు మిల్లీలీటర్ల రక్తంలో మద్యం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పునే దిగుతుంది. రాత్రి 12 గంటలకు 150 ఉంటే ఉదయం 6కి ఇంకా 60 ఉంటుంది, చట్టం చెప్పిన హద్దుకు రెట్టింపు. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఆ అంకెను కదిలించలేవు. ‘పొద్దున్నే లేచి వెళ్లిపోతాం సార్’ అనేవాళ్లకు ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించినప్పుడు క్లాసులో వచ్చిన నిశ్శబ్దం నేను ఏ వీడియోకీ చూడలేదు.

గేటు విషయం ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. ఆలస్యమైనా ఆటోలోనో క్యాబ్‌లోనో వచ్చినవాణ్ణి ఆ రాత్రి ఏమీ అడగకుండా లోపలికి రానివ్వాలి, దాన్ని క్రమశిక్షణ కేసుగా రాయకూడదు అన్నాను. తల్లిదండ్రుల సమావేశంలో పెట్టమన్నారు. పెట్టాను. ఒక తల్లి లేచి, “అంటే తాగమన్నట్టే కదా సార్?” అన్నారు. ఆవిడ కోపం నాకు తప్పనిపించలేదు. “తాగొద్దని మీరూ చెప్పండమ్మా, నేనూ చెప్తాను. మన మాట వినని రాత్రి కూడా మీవాడు ఇంటికి రావాలి కదా” అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. పక్కనున్న ఇంకొకాయన, నా ఫోన్ నంబరు తనకు ఇవ్వమన్నారు.

ఒక సెమిస్టర్ చూద్దామని ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. ఫ్రెషర్స్ పార్టీకి ముందు చీటీలు పంచుతాం, సెమిస్టర్ చివర మళ్లీ పంచుతాం. అవే ప్రశ్నలు అవే రోజుల్లో పక్క కాలేజీలో కూడా అడగడానికి అక్కడి ఎన్ఎస్ఎస్ మేడమ్ సరేనన్నారు. వాళ్ల గేటు పదింటికే మూస్తారు. వెనక కూర్చోవడం మా దగ్గర తగ్గి అక్కడ తగ్గకపోతే ఈ పద్ధతి కొనసాగించమని అడుగుతాను. రెండుచోట్లా ఒకేలా ఉంటే ఏమీ మారలేదనే రాసి, వార్డెన్లతో కూర్చుని రాత్రిపూట బస్సు ఏర్పాటు చేసే సంగతి మాట్లాడతాను.