త్రోవ లేని చోటికి బండి

బెంగుళూరు నగరమున ఆదివారము తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి వీథులలో తిరుగువారు కొందఱు కలరు. పాలవారు, పూలవారు, పత్రికలు వేయు కుఱ్ఱవాండ్రు అందు ముఖ్యులు. వీరు కాక మఱియొక వర్గము కలదు. వారు జీపుల వారు. హెబ్బాళ వంతెన దాటి, దేవనహళ్లి మీదుగా సాగి, తారురోడ్డు ఎచ్చట ముగియునో అచ్చట వీరి ప్రయాణము మొదలగును. తక్కిన లోకమునకు ప్రయాణమనగా త్రోవ వెంట పోవుట. వీరికో, త్రోవ అంతరించిన పిమ్మటనే ప్రయాణము. నేనును పదునొకండు సంవత్సరములుగా ఈ వర్గమునకు చెందినవాడను గనుక కొంత పరిహాసమాడు అధికారము నాకు కలదు. కాని ఈ వ్యాసమునకు కారణము పరిహాసము కాదు. నా బండి చేసిన యొక పని కొంతకాలముగా నన్ను వేధించుచున్నది. త్రోవ లేని చోటికి పోగల శక్తి నాకున్నంత మాత్రమున, అచ్చటికి పోవు హక్కు కూడ నాకు కలదా?

జీపు యుద్ధమునకు పుట్టిన బిడ్డ. రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున అమెరికా సైన్యము కొఱకు విల్లీస్, ఫోర్డు కర్మాగారములు రెండును కలసి ఆఱు లక్షలకు పైగా జీపులను తయారు చేసినవి. మన దేశమున 1945లో ఏర్పడిన మహీంద్రా సంస్థ ఆ దశాబ్ది ముగియులోపుననే బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్ప మొదలిడినది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమైన తరువాత బ్లాకు అధికారితో పాటు జీపును పల్లె చేరినది. ఆ కాలపు తెలుగు పల్లెలో ‘జీపొచ్చింది’ అనిన మాటకు వాహనము వచ్చినదని అర్థము కాదు; సర్కారు వచ్చినదని అర్థము. పిల్లలు ధూళిలో దాని వెంట పరుగెత్తుదురు, బకాయిదారులు పెరటి గుమ్మమున జారుకొందురు. చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటలలో ఎరువును, కూలీలను మోసినది జీపే. పాడేరు మన్యమున సంతకు పోవు గిరిజనులు కిక్కిఱిసి యెక్కినదియు జీపే. అప్పుడు బండి అవసరము వెంట పోయినది. 1985లో జిప్సీ వచ్చినది, 2010లో థార్ వచ్చినది, 2020లో అదియే కొత్త రూపున వచ్చినది. ఇప్పుడు అవసరము కంటె ముందుగా బండి వచ్చుచున్నది. అవసరమును మనము పిదప వెదకుకొనుచున్నాము. నీటిలో మునిగినను గాలి పీల్చుటకై బానెట్టు ప్రక్కన గొట్టము నిలిపించుకొని, ఇందిరానగరపు వేగనిరోధకములు తప్ప మఱేమియు ఎక్కని బండ్లను నేనెఱుగుదును.

అయినను ఇందలి ఆనందమును కాదనుట అసత్యమగును. నాలుగు చక్రములకును శక్తిని మఱల్చి, లో-గేరు వేసి, బండరాతి వాలుపై కాలినడక కంటె మందముగా బండిని ఎక్కించుట యొక సాధన. చక్రములలోని గాలిని 30 పౌండ్ల నుండి 18కి దింపినచో రబ్బరు మెత్తబడి రాతిని అఱచేతివలె పట్టుకొనును. వేగము ఇచ్చట పనికిరాదు, బలమును పనికిరాదు. తొందరపడినవాని చక్రము తిరుగుచునే యుండును, బండి మాత్రము కదలదు. పట్టణములో దినమంతయు హారను మ్రోగించు మనుష్యుడు ఈ వాలుపై అరగంట సేపు పది గజములకై ఓపిక పట్టుట నేను కన్నులార చూచితిని. ఆపత్కాలమున ఈ విద్య పరులకును అక్కఱకు వచ్చినది. 2018 ఆగస్టులో కేరళమును వరదలు ముంచెత్తినపుడు ఇట్టి బండ్లవారు అన్నమును, మందులను, మనుష్యులను నీటిని దాటించిరి.

బండిని కొన్నవాడు బండితో తృప్తి పడడు. జె.సి. రోడ్డు అంగళ్ల వరుసలో ఒక సాయంకాలము నిలిచి చూడుడు. ఇంకొంచెము ఎత్తు, ఇంకొంచెము వెడల్పు, ఇంకొక దీపము, ముందొక ఇనుప కమ్మి; మన పల్లెలలో ఎడ్లకు కొమ్ములు చెక్కి రంగు పూసినట్లే ఇదియు. మొదటి మూడేండ్లు నేనును ఆ రంగులో మునిగినవాడనే. స్ప్రింగులు మార్పించి బండిని మూడంగుళములు లేపితిని, పెద్ద చక్రములు తొడిగించితిని. పనివాడు చెప్పని సంగతులు పిదప తెలిసినవి. బండి ఎత్తు పెరిగిన కొలది దాని గురుత్వకేంద్రము పైకి జరుగును, మలుపులో బోల్తాపడు గుణము హెచ్చును. చక్రము పెద్దదైనచో వేగమాపకము ఉన్న వేగము కంటె తక్కువ చూపును. అదే బ్రేకు, ఆగుటకు మాత్రము ఎక్కువ దూరము పట్టును. ఒకనాడు యలహంక సమీపమున రోడ్డు దాటుచున్న ముసలమ్మకు జానెడు దూరమున నా బండి ఆగినది. ఆమె నన్ను తిట్టలేదు; బండి వంక తలయెత్తి చూచి, దండము పెట్టి పోయినది. ఆ దండము నాకు తిట్టు కంటె ఎక్కువగా తగిలినది. మఱు వారమే పాత స్ప్రింగులు తిరిగి ఎక్కించితిని.

నిర్మాత నిర్దేశించిన లక్షణములకు విరుద్ధముగా బండిని మార్చుట చెల్లదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగమే ఇందుకు ఆధారము. అంగవైకల్యము గలవారికై చేయు మార్పులకు మాత్రము చట్టము వీలు కల్పించినది. ముందు బిగించు ఇనుప కమ్ములను కేంద్ర ప్రభుత్వము 2017 డిసెంబరులోనే కూడదన్నది. మా మిత్రులలో పలువురు దీనిని గొంతు నులుముటగా తలంతురు. “నా సొమ్ము, నా బండి, నా ప్రాణము, నడుమ వీరెవరు?” అందురు. నా ప్రాణమును నేను పణముగా పెట్టుట ఒకటి; అడుగకయే ఇతరుల ప్రాణమును పణముగా పెట్టుట వేఱొకటి. బండరాతి మీద బోల్తాపడినవాడు తన పందెము తానోడినాడు. కాని ముందు కమ్మి తగిలిన పాదచారి ఆ పందెమున కూర్చొననే లేదు. చట్టము ఈ రెంటిని ఒకే కాటాలో తూచుచున్నదని నాకును కొంత ఫిర్యాదు కలదు. రెండవదాని విషయమున మాత్రము దానితో జగడమాడలేను.

ఈ విద్యలోని జాగ్రత్తలన్నియు మర్యాదలేనని నాకు తోచును. వాగును దాటుటకు ముందు దిగి కఱ్ఱతో నడచి లోతు చూడవలెను. నీరు గాలివలె నొక్కినచో నొక్కుకొనదు, సిలిండరులోనికి చొచ్చినచో యంత్రమే విఱుగును. వాలును నిట్టనిలువుగా ఎక్కవలెను, అడ్డముగా బండిని త్రిప్పరాదు. ఎక్కలేకపోయినచో సిగ్గుపడక వచ్చిన గాడినే వెనుక గేరులో దిగవలెను. దిగునపుడు బ్రేకును నమ్మక మొదటి గేరును నమ్మవలెను. బురదనుండి లాగునపుడు త్రాడు చెంత మనుష్యుడు నిలువరాదు. తెగిన త్రాడు కొరడావలె వచ్చి ప్రాణము తీయును. బెల్టు సంగతి చెప్పనక్కఱలేదు. ఇవన్నియు మేము చక్కగా నేర్చితిమి, క్రొత్తవారికి నేర్పితిమి. బండికి, మాకు, మా తోడివారికి కీడు రాకుండ చూచుకొంటిమి. నాలుగవవాడు ఒకడున్నాడని మాకు తోచలేదు.

బాగేపల్లి ప్రాంతము కన్నడ రాష్ట్రమున నున్నను అచ్చటి రైతు ఇంట మాటాడునది తెలుగే. ఏడాది పొడుగున పాఱు నది ఆ సీమకు లేదు. చెఱువును, వానను నమ్ముకొన్న నేల. చిక్కబళ్లాపురము వైపు పుట్టిన చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి పోయి, కడకు పెన్నలో కలియును. అట్టి చోట, ఆషాఢమాసమున, నాలుగు జీపులలో మేమొక వాలును దిగితిమి. ముందు రాత్రి వాన కురిసినది. మాకది బీడుగా కనిపించినది. నడుమ మోకాలెత్తు మట్టిగట్టు అడ్డము వచ్చినది. చక్కని అడ్డంకి దొరికినదని సంతసించి నలుగురమును ఒకరి వెనుక ఒకరుగా దానినెక్కి దిగితిమి. నేను మూడవవాడను. గట్టు ఎన్నవ బండికి తెగినదో చెప్పలేను.

మధ్యాహ్నము తిరిగి వచ్చుచుండగా ఒక ముసలి రైతు ఆ గట్టు మీద కూర్చుండి యున్నాడు. పై మడిలో నిలిచిన వాననీరంతయు మా చక్రముల గాడి వెంట జాఱిపోయినది. అది బీడు కాదు, దున్ని రాగులు చల్లుటకు సిద్ధపఱచిన చేను. నేను దిగి, “పెద్దాయనా, మేము చూసుకోలేదు” అంటిని. అతడు కోపపడలేదు. “మీ బండి ఎట్లాంటి చోటికైనా పోతాది సార్, బాగుంది. దాని ఎనకాలే నా నీళ్లూ పోయినాయి” అన్నాడు. మేము జేబులు తడుముకొని కొంత సొమ్ము పోగుచేసి ఇవ్వబోయితిమి. “దుడ్డు పోస్తే పదునవుతాదా సార్? మళ్లీ వానొచ్చేదెప్పుడో” అని చేయి చాపలేదు.

తిరుగు ప్రయాణమున నాకు కర్ణుడు జ్ఞప్తికి వచ్చెను. లోకమున బురదలో దిగబడిన చక్రములలో కర్ణుని చక్రమంత ప్రసిద్ధమైనది మఱొకటి లేదు. దాని వెనుకనున్న కథ శాంతిపర్వమున నారదుడు ధర్మరాజునకు చెప్పినాడు. అస్త్రవిద్య అభ్యసించుచు కర్ణుడు తెలియక ఒక బ్రాహ్మణుని హోమధేనువును చంపెను. అతడు క్రూరుడై చేసిన పని కాదు; తన నేర్పునకు మెఱుగు పెట్టుకొనుచుండెను, అంతే. తప్పు తెలిసికొని క్షమింపుమని వేడెను, బదులుగా గోవులను, ధనమును, రత్నములను ఇత్తుననెను. ఆ బ్రాహ్మణుడు వేనిని గ్రహింపక, యుద్ధమున భూమి నీ చక్రమును మ్రింగునని శపించెను. చిన్నతనమున ఆ బ్రాహ్మణుడు మూర్ఖుడని నాకు తోచెడిది. ఒక ఆవునకు వంద ఆవులు వచ్చుచుండగా వలదనుట ఏమి వివేకము? ఆ మడి గట్టున నిలిచిన దినమున ఆ బ్రాహ్మణుని మాట కొంత అర్థమైనది. ధనమిచ్చి లెక్క తీర్చుకొనవలెనను ఆతురత తప్పు చేసినవానిదే. నష్టపడినవానికి ఆ తొందర లేదు. అతనికి కావలసినది ఆవు, ఆ నాటి నీరు.

కఠోపనిషత్తు శరీరమును రథముగ, బుద్ధిని సారథిగ, ఆత్మను రథికునిగ చెప్పినది. రథికుడు వేఱు, సారథి వేఱు. ఎచ్చటికి పోవలెనో ఒకడు తలచును, ఎట్లు పోవలెనో వేఱొకడు చూచును. నా జీపులో ఆ ఇరువురును నేనే. ఎట్లు పోవలెనో అను విద్యలో నేను ఆరితేరితిని. ఎచ్చటికి, ఏల అని నన్నడుగు వాడు బండిలో ఎవడును లేడు. త్రోవ లేని చోటు అని మేము ముద్దుగా చెప్పుకొనునది నిజముగా త్రోవ లేని చోటేనా? మడిలో నీటికి త్రోవ కలదు, అడవిలో మృగమునకు త్రోవ కలదు, ఎండిన చెఱువులో రేపటి వానకు చోటు కలదు. లేనిది మా త్రోవ మాత్రమే. ఇదివఱకు కోలారు చెఱువులకు బెంగుళూరు నగరము ఏమిచ్చెనో తెలియదు. 2018 నుండి తాను వాడి విడిచిన నీటిని శుద్ధిచేసి పంపుచున్నది. ఆదివారములందు మమ్ము పంపుచున్నది.

ఇట్లని నేను బండిని అమ్మివేయలేదు. సన్న్యసించుట తేలిక, జవాబు చెప్పుట కష్టము అని కొంతయు, బండి మీది మమకారము చేత మఱికొంతయు. ఇప్పుడు యజమానిని అడిగి, అనుమతించిన నేలపైననే నడుపుచున్నాను. అట్టి నేల తక్కువ గనుక ఆదివారములు పెక్కు ఇంటనే గడచుచున్నవి. నా మిత్రులలో ఒకడు దీనిని పిఱికితనమనెను. అతని మాటలో కొంత నిజము లేకపోలేదేమో. అడిగి ఎక్కిన కొండ అడుగక ఎక్కిన కొండంత రుచింపదు. ఆ రుచి ఏమిటని నన్ను నేను ప్రశ్నించుకొన్నచో వచ్చు జవాబు నాకు నచ్చదు.

తరువాతి ఆదివారమున ఇరువురము పారలు తీసికొని పోయి, ఆ ముసలివాడు చూపినట్లు గట్టు వేసితిమి. మా పనితనము చూచి అతడు నవ్వి, సగము విప్పి మరల తానే వేసెను. ఆ యేడు వానలు ఆలస్యముగనైనను వచ్చినవి. సంక్రాంతి ముందొకనాడు అతని మనుమడు ఫోను చేసి, ఆ బండి మూటలు మోయునా అని అడిగెను. తొమ్మిది మూటల రాగులను వెనుక వేసికొని, తాతను ప్రక్కన కూర్చుండబెట్టుకొని బాగేపల్లి మండీకి పోయితిమి. ఊరి వఱకు మట్టిబాట, అటుపై తారురోడ్డు. నాలుగు చక్రముల మీట నాడు ముట్టనే లేదు. దిగునపుడు అతడు తలుపు ఎట్లు తీయవలెనో తెలియక నా వంక చూచెను.