పితృ ఋణం: తాత పద్దు

మనిషి మూడు అప్పులతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. ఋషుల అప్పు బ్రహ్మచర్యంతో, దేవతల అప్పు యజ్ఞంతో, పితరుల అప్పు సంతానంతో తీరతాయి. బ్రాహ్మణుణ్ణి ఉద్దేశించి చెప్పిన ఈ మాట క్రమంగా చాలా ఇళ్లకు పాకింది. మూడింటిలో పితృ ఋణం తీరే పద్ధతి విచిత్రమైనది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లోనో, రైసుమిల్లులోనో ఏళ్ల తరబడి చిట్టా, ఆవర్జా రాసిన గుమస్తాకు ఇది మింగుడుపడదు. ఒకరి దగ్గర తెచ్చిన బాకీని ఇంకొకరికి ఇచ్చి పద్దు కొట్టేయడం ఏ లెక్కలోనూ కుదరదు. శాస్త్రం మాత్రం ఒప్పుకుంది: కన్నవారి దగ్గర అందుకున్నది కన్నబిడ్డలకు ఇస్తే చెల్లు. మనవడు పుడితే ఆ చెల్లు మరో తరానికి సాగినట్టు.

అయితే మనవడు పుట్టాక తాత ఏం చేయాలి? మనుస్మృతి ఒకచోట మనవడి వల్ల అమరత్వం దక్కుతుందంటుంది. మరోచోట తల నెరిసి, ఒళ్లు ముడతలు పడి, బిడ్డకు బిడ్డను చూశాక అడవికి వెళ్లమంటుంది. ఏలూరులో రిటైరైన అకౌంటెంటు నడిచే దారి దీనికి తలకిందులు. పిల్లల్ని బడిలో దిగబెడతాడు, ఎక్కాలు అప్పజెప్పించుకుంటాడు, చలికాలంలో కైకలూరు దగ్గరి ఆటపాకకు తీసుకెళ్లి కొల్లేటి గూడబాతులను చూపిస్తాడు.

ఇది బంధమేనా? భగవద్గీత 13వ అధ్యాయం జ్ఞాన లక్షణాలు చెబుతూ, బిడ్డల మీద, భార్య మీద, ఇంటి మీద అభిష్వంగం లేకపోవడాన్ని వాటిలో చేర్చింది. శంకరుల భాష్యం ఆ మాటను నిగ్గు తేల్చింది: ఇంకొకరి సుఖదుఃఖాలను తనవిగానే భావించే తాదాత్మ్యమే అభిష్వంగం. ఆ లెక్కన గూడబాతులను చూపించడంలో దోషం లేదు. మనవడికి మార్కులు తగ్గితే తాతకు అన్నం సయించకపోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. అడవికి పొమ్మన్న విధి కంటే ఈ గీటురాయి సంసారికి ఎక్కువ పనికొస్తుంది.

తాత పోయాక స్మరణకూ ఒక లెక్క ఉంది. సపిండీకరణంతో ప్రేత రూపం పోయి పితరుల వరుసలో చేరతాడు. శ్రాద్ధంలో తండ్రిని వసువుగా, తాతను రుద్రుడిగా, ముత్తాతను ఆదిత్యుడిగా పేరూ గోత్రమూ చెప్పి పిలుస్తారు. ఆ పైవారికి పిండం లేదు, చేతికి అంటిన లేపమే వాళ్ల భాగం. అంటే పేరు బతికేది మూడు తరాలు. కూతురి కొడుకు శ్రాద్ధాన్ని పవిత్రం చేస్తాడని మనువు అన్నాడు కానీ కూతురికి, మనవరాలికి ఆచారం పెద్దగా చోటివ్వలేదు. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది, 2005లో దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు వచ్చింది. ఆస్తి పద్దు మారినా పిండం పద్దు చాలా ఇళ్లలో పాతదే. ఇందులో న్యాయం కనబడదు.

ఇక్కడ పెట్టిన అన్నం అక్కడికి చేరితే, ప్రయాణమయ్యేవాడికి దారిబత్తెం ఎందుకని చార్వాకులు ఎద్దేవా చేశారు. పితరులు ఏ జన్మలో ఉంటే దానికి తగిన ఆహారంగా ఆ అన్నం మారి అందుతుందని మత్స్యపురాణం జవాబిస్తుంది. నమ్మినవాడికి అది చాలు, నమ్మనివాడికి చాలదు. అయినా తద్దినం రోజున ఒక ఇల్లు పనులు మానుకుని ముత్తాత పేరు నోరారా పలుకుతుంది. ఆ పలుకుకు చార్వాకుడి ప్రశ్న అడ్డురాదు.

ఈ ప్రాంతంలో స్మరణ ఒక మతానిది కాదు. నవంబరు 2న కతోలిక క్రైస్తవులు సమాధులు శుభ్రం చేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. షబే బరాత్ రాత్రి ముస్లింలు ఖబరస్తాన్లకు వెళ్తారు. కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి కొండ మీద పదుల కొద్దీ చిన్న బౌద్ధ స్తూపాలున్నాయి. వాటిలో చాలావాటి ముందు నిలబడి ఇది ఫలానావారిదని చెప్పగలవారు లేరు.

అలాంటి పేరులేనివారిని తర్పణ విధీ మరవలేదు. నువ్వులూ నీళ్లూ అందరికీ విడిచాక, కులంలో సంతానం లేకుండా పోయినవారి కోసం తడిబట్ట పిండి ఆ నీళ్లు నేల మీద విడుస్తారు. తర్పణం ముగిసేది వాళ్ల వంతుతోనే.