ఆవ యొడ్డున ఊరకే కూర్చుండుట



రెండేండ్ల క్రిందట సంక్రాంతి సెలవులలో మన సంఘపు యౌవనస్థులను కొండకర్ల ఆవకు తీసికొనిపోవుటకు సిద్ధపడుచుండగా, పెద్దలలో ఒకరు నన్ను ప్రక్కకు పిలిచి అడిగిరి: "అయ్యగారూ, అక్కడ వాక్యము చెప్పుదురా, లేక ఊరకే కూర్చుండి వచ్చెదరా?" ఊరకే కూర్చుండి వచ్చెదమని చెప్పుటకు నాకు నోరు రాలేదు. కొంచెము ప్రార్థన, నాలుగు పాటలు, ఒక చిన్న వర్తమానము ఉండునని సర్దిచెప్పితిని. అది అబద్ధము కాదు గాని పూర్తి నిజమును కాదు. మేము వెళ్లినది నీళ్లు చూచుటకే.

ఆ ప్రశ్న అప్పటినుండి నన్ను విడువలేదు. కష్టపడి బ్రతుకువారు ఒక దినము పని మాని, డబ్బు ఖర్చు పెట్టుకొని, నీటి యొడ్డున ఊరకే కూర్చుండుట తగునా? తగినయెడల దానికి హద్దు ఏదైన కలదా?

దువ్వాడలో నివసించువారి సంగతి మీలో అనేకులకు తెలియును. 1971 జనవరి 20వ తేదీన ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. తరువాత ఈ చుట్టుప్రక్కల ఊళ్లు, పొలములు, వాటితోకూడ చెరువులును కర్మాగారపు స్థలములో కలిసిపోయెను. ఇప్పుడు ఏలేరునుండి కాలువలో వచ్చిన నీరు కణితి జలాశయములో నిలుచుచున్నది గాని, అది కర్మాగారమునకు కావలసిన నీరు. తాతలు చెరువు గట్టున పశువులను కడిగిరి. మనుమలు రాత్రి షిఫ్టు ముగించుకొని, లారీల దుమ్ములో ఇల్లు చేరి, పగలు తలుపులు మూసికొని నిద్రపోవుచున్నారు. అట్టివారితో నీటి యొడ్డున కూర్చుండుట సోమరితనమని నేను చెప్పలేను.

మార్కు సువార్త 6వ అధ్యాయములో శిష్యులు పని ముగించి తిరిగి వచ్చినప్పుడు, భోజనము చేయుటకైనను వారికి తీరిక లేకపోయెను. ప్రభువు వారిని ఏకాంతమైన చోటికి వచ్చి కొంచెముసేపు అలసట తీర్చుకొనుడని పిలిచెను. అక్కడ ఏమి చేయుదురని ఆయన అడుగలేదు. వారు పడవ యెక్కియే పోయిరి. (ఆ విశ్రాంతి ఎంతోసేపు సాగలేదనుట వేరు సంగతి. జనులు కాలినడకను ముందే అక్కడికి చేరిరి. సంఘ కాపరులకు ఈ భాగము బాగుగా అర్థమగును.)

మేము లంకెలపాలెము మీదుగా అనకాపల్లి చేరి, అచ్యుతాపురము పోవు దారిలో వెళ్లితిమి. ఆవ అనగా నీరు నిలుచు పల్లపు నేల. ఇక్కడ కొండలమీద కురిసిన వాన పల్లమునకు దిగి, పెద్ద మంచినీటి సరస్సై నిలిచినది. తామరాకులు, రెల్లు, వాటి నడుమ నీటికోళ్లు, కొంగలు, చలికాలమున దూరదేశములనుండి వచ్చు పక్షులు ఉండును. ఆ ఊరివారి దోనెలు చూడదగినవి. రెండు తాటిమ్రాకులను దోనెలుగా తొలిచి, ప్రక్కప్రక్కన జతగా కట్టి, గడకర్రతో నెట్టుచు పోవుదురు. మా యౌవనస్థులు మొదట భయపడిరి, తరువాత దిగుటకు ఒప్పుకొనలేదు. నీటిమీద నిజముగా ఎంత నిశ్శబ్దమనిన, ఎల్లప్పుడు ఫోను పట్టుకొనియుండు పిల్లవాడొకడు అరగంట దానిని జేబులోనుండి తీయలేదు.

మాతోకూడ ఒక వృద్ధురాలు వచ్చెను. ఆమె మన సంఘములో విధవరాలు. చెట్టు క్రింద రాళ్లు పేర్చి, పొయ్యి రాజవేసి, నలుబది మందికి అన్నము, కూర వండెను. అందరును తిన్నతరువాత ఆమె ఒడ్డున కూర్చుండి నీటి వైపు చూచుచుండగా, ఏమి అవ్వా చూచుచున్నావని అడిగితిని. "అయ్యగారూ, నా ఏడో ఏటి నుంచీ నీళ్లంటే బిందే. బిందె లేకుండా నీళ్ల కాడ కూకోడం ఇదే మొదలు" అనెను.

నేను ఆ మాటకు సంతోషించితిని, ఆ సాయంకాలమే దానిని వర్తమానములో ఉదాహరణగా చెప్పితిని కూడ. నా కన్నులు తెరువబడుటకు ఇంకను కొన్ని దినములు పట్టెను. ఆమె కూర్చున్నది పావుగంట మాత్రమే. ఆ పావుగంట తరువాత గిన్నెలు తోముటకు లేచెను. విశ్రాంతికని నేను తీసికొనివచ్చినది యౌవనస్థులను. ఆమెను తీసికొనివచ్చినది వంటకు.

మరియొక సంగతి అదే దినమున జరిగెను. బిస్కెట్టు పొట్లములు, నీళ్ల సీసాలు, థర్మోకోలు ప్లేట్లు మేము ఒడ్డున పోగుచేసితిమి గాని, దానిమీద బరువు పెట్టలేదు. గాలి లేచి సగము నీటిలో పడవేసెను. మా పిల్లలు నవ్విరి. మమ్మును త్రిప్పిన ముసలి దోనెవాడు మాట పలుకక దోనెను మరల లోపలికి నెట్టుకొని పోయి, తామరాకుల నడుమనుండి ఒక్కొక్కటి ఏరసాగెను. నేను సిగ్గుపడి, క్షమించుమని కేక వేసితిని. "ఒద్దు బాబూ, అందరూ అలాగే ఎల్తారు. మీరెల్లిపోతారు గానండి, రేపొద్దున మా వలకి సేపలకి బదులు ఇయ్యే తగుల్తాయి. అందుకని ఏరేత్తన్నాను" అనెను. ఆ మాటలో కోపము లేదు. ఉండినయెడల నాకు కొంత తేలికగా నుండెడిది.

చెడ్డవారే నీటిని పాడుచేయుదురని మనము తలంచుచున్నాము. ప్రేమించి వచ్చువారు కూడ పాడుచేయుదురనుటకు అమెరికాలో ఒక చెరువు సాక్షి. మసాచుసెట్స్ రాష్ట్రములో కాంకర్డు ఊరి దగ్గర వాల్డెన్ అను చెరువు కలదు. పూర్వము ఆ దేశమును కప్పిన హిమానీనదము వెనుకకు తగ్గినప్పుడు, గొప్ప మంచుగడ్డ ఒకటి ఇసుకలో పూడిపోయి మిగిలెను. అది కరిగినచోట ఏర్పడిన గుంటయే ఆ చెరువు. లోతు 102 అడుగులు. దానిలోనికి ఏరు వచ్చి కలియదు, దానినుండి ఏరు బయటికి పోదు. నేలలోని ఊటనీరే మెల్లగా వచ్చి మెల్లగా పోవును. 1845 జూలై 4వ తేదీన థోరో అను నతడు దాని యొడ్డున చిన్న గుడిసె వేసికొని, రెండేండ్ల రెండు నెలలు కాపురముండి, 1854లో ఆ చెరువు పేరనే పుస్తకము ప్రచురించెను. ఆ కాలములో మసాచుసెట్స్ చెరువుల మంచుగడ్డలు ఓడలమీద మద్రాసువరకును వచ్చెడివి. వాటిని నిలువచేయుటకు 1842లో కట్టిన ఐస్ హౌస్ నేటికిని అక్కడి సముద్రతీరమున నున్నది.

1922లో ఆ చెరువు చుట్టునున్న భూమిని దాని యజమానులు ప్రజల విహారము కొరకు రాష్ట్రమునకు దానమిచ్చిరి. నాటినుండి ప్రజలు ఈతకును, నడకకును, చేపలు పట్టుటకును విస్తారముగా వచ్చుచున్నారు. 2001లో అక్కడి ప్రభుత్వ భూగర్భశాస్త్రజ్ఞులు ప్రకటించిన నివేదికలో ఒక సంగతి యున్నది. వేసవిలో ఆ నీటిలో చేరు భాస్వరములో సుమారు సగము, ఈతగాండ్రు నీటిలో విడుచు మూత్రమువలననే వచ్చునని వారు లెక్క కట్టిరి. భాస్వరము నాచును పెంచును, నాచు పెరిగినకొలది తేట నీరు మసకబారును. ఆ ఈతగాండ్రలో ఒక్కడైనను చెరువును ద్వేషించి వచ్చినవాడు కాడు. ఒక్కొక్కడు నేనొక్కడనే గదా అనుకొనెను. మా పిల్లవాడు బిస్కెట్టు కాగితము విడిచినప్పుడు అనుకొన్నదియు అదే.

యెహెజ్కేలు 34వ అధ్యాయము 18, 19 వచనములను మీ ఇండ్లలో తెరచి చదువుకొనుడి. దుష్టులైన కాపరులను గద్దించిన వెంటనే దేవుడు మందవైపు తిరుగుచున్నాడు. బలిసిన గొఱ్ఱెలు తేట నీరు త్రాగినందుకు ఆయన తప్పు పట్టలేదు. తాము త్రాగినతరువాత మిగిలిన నీటిని కాళ్లతో కలకచేసి, వెనుకవచ్చువాటికి ఆ బురదనీరే మిగిల్చినందుకు తప్పు పట్టుచున్నాడు. నేను ఈ భాగమును ఎన్నోసార్లు కాపరుల విషయమై ప్రసంగించితిని. గొఱ్ఱెల విషయము, అందులోను నీటి విషయము, ఆవ యొడ్డునుండి వచ్చినతరువాతనే చదివితినని ఒప్పుకొనవలసియున్నది.

నిర్గమకాండము 23వ అధ్యాయములో విశ్రాంతి దినమునుగూర్చి చెప్పినచోట, ఎద్దు, గాడిద, దాసి కుమారుడు, పరదేశి ఊపిరి తీసికొనవలెనని కారణము చెప్పబడియున్నది. ఇంటి యజమాని అలసట అక్కడ ప్రస్తావనకే రాలేదు. మన విహారములలో సాధారణముగా యజమాని ఊపిరి తీసికొనును, వంటమనిషియు దోనెవాడును ఊపిరి బిగబట్టుదురు. దోనెవానికి కూలి ఇచ్చితిమి గదా అందురు. ఇచ్చితిమి. కాని కూలి దోనె నెట్టినందుకు, చెత్త ఏరినందుకు కాదు. ఇట్టి చిక్కు ఎందుకు, వెళ్లుటయే మానుదమని ఒక సహోదరుడు సలహా చెప్పెను. మానినయెడల ఆ ముసలివాని కూలి పోవును, అవ్వ పావుగంటయు పోవును. కనుక ఆ సలహా నాకు రుచింపలేదు.

మరుసటి జనవరిలో మరల వెళ్లితిమి. ఆకు విస్తళ్లు, స్టీలు గ్లాసులు, రెండు గోనెసంచులు పట్టుకొనిపోతిమి. వంట యౌవనస్థులే చేసిరి. దోనెవానిని మాతోకూడ పంక్తిలో కూర్చుండబెట్టితిమి. చేపల కూర వడ్డింపబోగా, ఇంట దినమును అదేనని నవ్వి, పప్పు వేయించుకొనెను. అన్నము అడుగంటెను. ఆ వాసన తగిలి అవ్వ రెండుసార్లు లేచి పొయ్యి దగ్గరకు రాబోగా, ఇద్దరు ఆడపిల్లలు ఆమె రెండు చేతులు పట్టుకొని మరల ఒడ్డున కూర్చుండబెట్టిరి. మూడవసారి ఆమె లేవలేదు. దోనె దిగిన పిల్లలను చూచి, "నన్నూ ఓ పాలి ఎక్కించండర్రా" అనెను.