పిల్లి పక్షం

మాది నల్లకుంటలో పాతికేళ్ల నాటి అపార్ట్‌మెంట్. 24 ఫ్లాట్లు, ఒక లిఫ్టు, ఒక సెల్లారు, 11 పిల్లులు. పిల్లుల లెక్క కూడా నాకు తెలుసంటే కారణం, ఈ ఏడు అసోసియేషన్ సెక్రటరీ పదవి నా మెడకు చుట్టుకుంది. నీళ్ల ట్యాంకరు ఎందుకు రాలేదు, మెయింటెనెన్స్ ఎవరు ఎగ్గొట్టారు, ఎవరి కారు కవరు మీద పిల్లి పడుకుంది, అన్నీ నా దగ్గరికే వస్తాయి.

మే నెలలో మొదటి అంతస్తు కుర్రాడు, ఐదో తరగతి వాడు, సెల్లార్లో పిల్లికూనను పట్టుకోబోతే అది రక్కింది. వాళ్ల నాన్న తెలిసిన మనిషి. చేతిని కుళాయి కింద పెట్టి పావుగంట సేపు సబ్బుతో కడిగి, నారాయణగూడలో సూదులు వేసే ఐపీఎంకు తీసుకెళ్లాడు. పిల్లి రక్కినా కుక్కకాటు సూదులే: మొదటి రోజు, 3, 7, 28. మూడో సూది పడేసరికి నాకు రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చింది. తప్పు పట్టడానికి లేదు. నేనూ ఒక నోటీసు రాశాను: ‘ప్రాంగణంలో పిల్లులకు ఆహారం పెట్టరాదు.’ సంతకం, ముద్ర.

లిఫ్టు పక్కన అంటిస్తుంటే వెనకనుంచి పిన్నిగారి గొంతు. మూడో అంతస్తు. సంస్కృతం టీచరుగా చేసి రిటైరయ్యారు. 74 ఏళ్లు.

“అబ్బాయ్, ఆహారం అని రాశావు. పెరుగన్నం అందులోకి వస్తుందా?”

“పెడుతున్నది మీరేనని అందరికీ తెలుసు పిన్నిగారూ. మీ పేరు రాయలేదు కదా.”

“చాలా సంతోషం. తిండి ఆపేస్తే అవి ఏమవుతాయని నీ ఉద్దేశం?”

“వెళ్లిపోతాయి.”

“ఎక్కడికి?”

“పక్క అపార్ట్‌మెంటుకి.”

“అక్కడి సెక్రటరీ కూడా నీలాగే బుద్ధిమంతుడైతే?”

టేపు ముక్క నా వేలికే అంటుకుపోయింది.

*

మర్నాడు తెల్లారకముందే వాచ్‌మన్ ఫోన్ చేశాడు. గేటు పక్కన, చెత్తబండి ఆగేచోట, మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట. లోపల పర్షియన్ పిల్లి. ఆడది. తెలుపు మీద బూడిద రంగు, చదును మూతి, కళ్ల నుంచి నీరు కారి ముక్కుకు రెండు వైపులా గోధుమరంగు చారలు. కాళ్ల సందుల్లో బొచ్చు ఉండలు కట్టి చాపముక్కలా గట్టిపడింది. పక్కన సగం వాడిన గింజల ప్యాకెట్, రబ్బరు బ్యాండు వేసి జాగ్రత్తగా మడిచి ఉంది. ఒక స్టీలు దువ్వెన. దువ్వెన పళ్లలో ఇంకా తెల్ల బొచ్చు.

పిన్నిగారు మెట్ల మీద కూచుని ఆ దువ్వెనను చాలాసేపు తిప్పి చూశారు.

“మనసున్న వాళ్లే అబ్బాయ్.”

“మనసున్నవాళ్లు చెత్తబండి దగ్గర పెడతారా?”

“మనసు లేకపోతే బుట్టెందుకు, దువ్వెనెందుకు? గేటు అవతల విసిరిపోయేవాళ్లు. ఇల్లు మారి ఉంటారు, కొత్త ఓనరు కుదరదని ఉంటాడు. పాపకు ఆయాసమేమో. వీసా వచ్చిందేమో.”

ఈ ఊళ్లో అద్దెకు ఇల్లు అడిగితే ఓనర్లు ఏమేం అడుగుతారో నాకు తెలుసు. కులం, మాంసం, పెంపుడు జంతువు. మూడింటిలో చివరిది ఒక్కటే బుట్టలో పెట్టి వదిలించుకోగలిగింది. అయినా పిన్నిగారి జాలి నాకు మింగుడుపడలేదు. వదిలేసినవాడి మీద కూడా జాలిపడితే ఇక తప్పు ఎవరిది?

ఆవిడ అప్పటికే పిల్లితో మాటల్లో పడ్డారు. “స్నోయీ? లక్కీ? సింబా? మిన్నీ? బంగారం?” ఒక్కదానికీ చెవి తిరగలేదు. వాచ్‌మన్ భార్య ఉర్దూలో రెండు పేర్లు వేసింది. లాభం లేదు. “ప్యాకెట్ పెట్టారు, దువ్వెన పెట్టారు. పేరు మాత్రం రాసి పెట్టలేదు,” అన్నారు పిన్నిగారు. ఆ మాటలోనే కొంచెం కోపం ధ్వనించింది. అప్పటిదాకా లేదు.

*

ఆ సాయంత్రం డాబా మీద వాదన మొదలుపెట్టింది నేనే.

“కుక్కను మనిషి తెచ్చి పెంచుకున్నాడు పిన్నిగారూ. పిల్లిని ఎవరూ పిలవలేదు. పశ్చిమాసియాలో మనిషి గింజలు పండించి గాదెలు కట్టాడు, గాదెలకు ఎలుకలొచ్చాయి, ఎలుకల వెనక అడవిపిల్లి వచ్చింది. దాని స్వార్థం దానిది. మనకు బాకీ ఏమిటి?”

ఇలా అన్నాక ఒక సంగతి దాచడం న్యాయం కాదనిపించి నేనే చెప్పాను. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి సమాధి ఒకటి ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వితీసి 2004లో ప్రకటించారు. ఒక మనిషి, అతని పక్కనే ఎనిమిది నెలల పిల్లి. ఆ దీవిలో పుట్టిన జాతి కాదది. అంటే ఎవరో పడవెక్కించి తీసుకెళ్లి ఉండాలి.

“చూశావా,” అన్నారు పిన్నిగారు. “గాదె దాకా తనంతట తానే వచ్చింది. పడవలోకి మాత్రం మనిషి ఎత్తుకున్నాడు. నడిచి వచ్చిన దానితో మనకున్నది ఇరుగుపొరుగు సంబంధం. ఎత్తుకున్న దానితో వేరే. సెల్లార్లో ఉన్న 11 మొదటి రకం. బుట్టలో వచ్చింది రెండో రకం. నీ నోటీసులో రెండూ ఒక్కటే.”

తర్వాత ఆవిడ తన పాత సామగ్రి బయటికి తీశారు. వాళ్లది శ్రీవైష్ణవుల ఇల్లు, తెంగలై. శరణాగతి గురించి ఆ సంప్రదాయంలో వందల ఏళ్లుగా నడిచిన తగువు కోతి, పిల్లి సామ్యాల మీదే ఉంది. వేదాంత దేశికుల వెంట నడిచిన వడగలై వారిది మర్కట కిశోర న్యాయం: కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి, జీవుడు తన వంతు ప్రయత్నం చేయాలి. పిళ్లై లోకాచార్యుల వైపు తెంగలై వారిది మార్జాల కిశోర న్యాయం: పిల్లి తన కూనను మెడ పట్టి మోసుకుపోతుంది, కూన చేయాల్సిందల్లా ఊరికే ఉండటం.

“మాది పిల్లి పక్షం,” అన్నారు నవ్వుతూ. “ఎత్తుకున్న నోటిదే భారం. ఎత్తబడిన దానికి ఏ పూచీ లేదు. బుట్టలో అది ఎలా కూచుందో చూశావుగా, కాళ్లు ముడుచుకుని? అరవలేదు, గీరలేదు. ఎత్తినవాళ్లు ఎక్కడ దించితే అక్కడే.”

ఇక్కడ నాకు దొరికిందనుకున్నాను.

“కూనలకు మూడు నెలలు దాటాక తల్లిపిల్లిని ఆచార్యులు చూసి ఉండరు పిన్నిగారూ. జనరేటర్ గది పక్కన నేను చూశాను. పాలకొచ్చిన కూనను తల్లే గుర్రుమని తరిమింది, మొహం మీద ఒకటిచ్చింది. ఏడిళ్లు తిప్పిన తల్లే ఎనిమిదో ఇంటి ముందు వదిలేసింది. మరి ఈ బుట్టవాళ్లు చేసిన దానిలో కొత్తేముంది?”

పిన్నిగారు జవాబివ్వలేదు. ఆరిన బట్టలు తీసుకుని దిగిపోయారు. గెలిచానని అనుకున్నాను కానీ, ఆవిడ అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదని పదేళ్ల అనుభవం.

*

రెండు రోజుల తర్వాత నేను స్కూటరు తీస్తుంటే వచ్చి, మధ్యలో ఆగిన వాక్యం పూర్తిచేస్తున్నట్టు అన్నారు:

“తరమడానికి ముందు ఏం చేస్తుందో అది కూడా చూశావా?”

“ఎవరు?”

“నీ తల్లిపిల్లి. మొదట చచ్చిన బల్లిని తెచ్చి కూనల ముందు పడేస్తుంది. కొన్నాళ్లకు సగం చచ్చినదాన్ని తెస్తుంది. ఆ తర్వాత ప్రాణంతో పరిగెత్తేదాన్ని తెచ్చి వదులుతుంది. కూనలు పట్టుకోలేక జారవిడిస్తే తను మళ్లీ పట్టి తెస్తుంది. అదంతా అయ్యాకే తరుముతుంది. అది వేట నేర్పి వదిలేస్తుంది. మనం వేట మరిపించి వదిలేస్తాం. రెండూ వదిలేయడమే అంటావా?”

నేను స్కూటరు స్టాండు మళ్లీ వేశాను.

“ఇంకోటి. దాని మూతి అలా చదునుగా ఎందుకుంది? ముద్దొస్తుందని మనుషులు తరతరాలుగా చూసి చూసి జతకట్టించారు. అందుకే కంటి నీరు లోపలికి పోవలసిన దారి నలిగి బయటికి కారుతోంది. ఆ బొచ్చు రోజూ ఎవరో ఒకరు దువ్వకపోతే ఉండ కడుతుంది. చేయి ఆసరా లేకుండా బతకలేని జంతువును చేసుకున్నాం. చేసుకుని చేయి తీసేశాం.”

నేను చాలా పుస్తకాలు చదివాను. బాధ్యత ఎక్కడ మొదలవుతుందనే దాని మీద ఇంత తేలిగ్గా, పార్కింగులో నిలబడి, ఎవరూ చెప్పలేదు.

కానీ ఆవిడ దయలోనూ లొసుగుంది. అది నేను ఎత్తిచూపలేదు, ఆవిడే చెప్పుకున్నారు. పర్షియన్‌ను చూపించడానికి వెళ్లినప్పుడు పశువుల డాక్టరు పెరుగన్నం సంగతి విని తల పట్టుకున్నాడట. పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం కావాలి, అది మాంసం, చేపల్లోనే దొరుకుతుంది, చాలకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. పెద్ద పిల్లులకు చాలావాటికి పాలు కూడా అరగవు.

“ఆరేళ్లుగా నేను పెట్టింది నా పుణ్యానికి పెట్టుకున్నానన్నమాట, వాటి ఆకలికి కాదు. సెల్లారు పిల్లులు ఎలుకల్ని పట్టుకోబట్టి సరిపోయింది.”

ఇప్పుడు వాచ్‌మన్ భార్య రాంనగర్ చేపల మార్కెట్ నుంచి తలకాయలు తెస్తుంది. వాళ్ల గది బయట పొయ్యి మీద ఉడుకుతాయి. డబ్బులు పిన్నిగారివి.

“అంటే పాపం వాళ్ల పొయ్యికి బదిలీ అయింది,” అన్నాను. కొంచెం దుర్మార్గంగానే అన్నాను.

“అయింది. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టనిదాన్ని, ఇప్పుడు చేపచావు కొంటున్నాను. దీనికి సర్దుబాటు ఏ గ్రంథంలోనైనా దొరుకుతుందేమోనని వెతికాను అబ్బాయ్. దొరకలేదు. వెతకడం మానేశాను, కొనడం మానలేదు.”

*

నోటీసు సంగతి. చట్టం చూద్దామని కూచుంటే నాకే తల తిరిగింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలేయడం నేరమే. మొదటిసారికి జరిమానా 10 రూపాయలకు తగ్గకుండా, 50 దాటకుండా. మా సెల్లార్లో బండి అడ్డంగా పెడితే మేం వేసేది 200. ఇక 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల్లో 20వది చదివాక నోటీసు నేనే చింపేశాను. ప్రాంగణంలో ఉండే వీధి జంతువుల తిండికి ఏర్పాటు చూడవలసింది అసోసియేషనేనని అందులో ఉంది. పెట్టొద్దని సంతకం చేసినవాడి మీదే పెట్టించే బాధ్యత.

మొదటి అంతస్తు ఆయన ఊరుకోలేదు. “మా వాడికి నాలుగు సూదులు పడ్డాయి. చట్టం చదివితే అవి వెనక్కి వస్తాయా?” అన్నాడు. పిన్నిగారు ఆయన పక్షానే మాట్లాడటం నన్ను ఆశ్చర్యపరిచింది.

“రావు. మీ బాబుకు దెబ్బ తగిలింది నా పెరుగన్నం వల్లే,” అన్నారు. “తిండి పెట్టి ఊరుకుంటే సంఖ్య పెరుగుతుంది. ఆడపిల్లి ఆర్నెల్లకే ఎదకొస్తుంది, రెండు నెలల్లో ఈనుతుంది, పాలిస్తూనే మళ్లీ కడుపుతో ఉంటుంది. పుట్టిన కూనల్లో సగం కార్ల కింద పోతాయి. అన్నం పెట్టడం సగం పనే. ఆ సగంతో పుణ్యం చాలనుకున్నది నేను.”

చందా వేసుకున్నాం. ఆయనా ఇచ్చాడు, అందరికన్నా ఎక్కువ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు, రేబిస్ టీకాలు ఒకేసారి. ఇప్పటికి తొమ్మిదింటికి అయ్యాయి. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా ఎడమచెవి కొన కొద్దిగా కత్తిరిస్తారు. మిగిలిన రెండూ బోను దగ్గరికి రావడం లేదు. ఉడికిన చేప వాసన మూడు వీధుల అవతలి పిల్లుల్ని లాక్కొస్తోంది, ఈ రెండింటిని తప్ప.

*

పర్షియన్‌ను పిన్నిగారు ఇంట్లోకి తీసుకుంటారనే అందరం అనుకున్నాం. తీసుకోనన్నారు.

“ఇంట్లో ఉంటే 15 ఏళ్లు బతికే ప్రాణి. నాకు 74. నేను పోయాక మా అబ్బాయి టొరంటో నుంచి వచ్చి ఇల్లు ఖాళీ చేస్తాడు. సామాను అమ్ముతాడు. దీన్నేం చేస్తాడు? మళ్లీ ఒక బుట్ట, ఒక దువ్వెన. ఎత్తుకునేముందు చివరిదాకా మోయగలనా అని చూసుకోవాలి కదా. పిల్లి పక్షం అంటే అదే.”

ఇది చెబుతూ నా మొహం వంక చూశారు. నాకు 46.

అది మా ఇంట్లో ఉండబట్టి ఇవాళ్టికి 40 రోజులు. ఉండలు కత్తిరించాం, కొత్త బొచ్చు వస్తోంది. రోజూ రాత్రి దువ్వేటప్పుడు మా ఇంటావిడ ఒక కొత్త పేరు పెట్టి పిలిచి చూస్తుంది. చెవి కదలదు. తలుపు గంట మోగితే మాత్రం పరిగెత్తుకెళ్లి గుమ్మం ముందు కూచుంటుంది, వచ్చింది కొరియర్ వాడని తెలిసేదాకా.

మే నెలాఖరున నల్లకుంటలో బుట్ట దించి వెళ్లినవారు ఎవరైనా ఇది చదువుతుంటే: మీ ఇంటి ఇబ్బంది ఏమిటో మాకు తెలియదు, అడగం. మీమీద కేసు పెట్టం. పిల్లిని వెనక్కి తీసుకెళ్లమనీ అనడం లేదు. దాన్ని ఏమని పిలిచేవారో చిన్న చీటీ మీద రాసి మా వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లండి.